రజియా ఆపా, మాసిన పేజీ

ఇవాళ పొద్దున దుకాణం ముందు నీళ్ళు చల్లుతుంటే ఒకామె వచ్చి బల్ల మీద పాత తెలుగు వాచకం ఒకటి పెట్టింది. అట్ట ఊడిపోయింది, మూలలు ముడుచుకుపోయాయి. తెరవకముందే వాసన కొట్టింది. మామిడికాయ తొక్కు నూనె, పెన్సిల్ పొట్టు, సంచిలో మగ్గిన అన్నం డబ్బా, చెమట, అన్నీ కలిసిన వాసన. పదేళ్ళ పిల్లలు ఏడాది పాటు మోసిన ఏ పుస్తకానికైనా ఇదే వాసన. చీపురు పక్కన పెట్టి, బకెట్ దగ్గరికి పోయి చేతులు కడుక్కున్నాను. కొంగుకు తుడుచుకోలేదు. గోడకు వేలాడే తెల్ల బట్ట ఉంది, దానికి తుడుచుకున్నాను. ఆ బట్టకు మేకు కొట్టింది రజియా ఆపా.

మీరెవరూ ఆమెను చూసి ఉండరు. కోరుట్ల బస్టాండు దాటిన తర్వాత వచ్చే సందులో నోటుబుక్కులు కుట్టి అమ్మే చిన్న దుకాణం ఆమెది. ఒక పక్క బీరువాలో పిల్లల కథల పుస్తకాలు కూడా ఉండేవి. సన్నటి మనిషి. కళ్ళద్దాల కాడకు తెల్లదారం చుట్టుకునేది, నోట్లో ఎప్పుడూ సోంపు. ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు. ఉర్దూలో ఆపా అంటే అక్క, అందరూ ఆమెను అట్లాగే పిలిచేవాళ్ళు. తెలుగు చదవడం ఆమె బడిలో నేర్చుకోలేదు. అమ్ముడుపోని పిల్లల పుస్తకాలు ముందేసుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకుంది. నేను అప్పటికి బీడీలు చుట్టేదాన్ని. నా చదువు నాలుగో తరగతిలో ఆగిపోయింది. ఒకసారి అఖిలకు, అంటే నా బిడ్డకు, నోటుబుక్కు కొనబోతే ఆపా నా వేళ్ళ వంక చూసి, "బీడీ చుట్టే వేళ్ళు కాగితం మడవనీకి మస్తు పనికొస్తయ్, నా దగ్గరికి రారాదూ గంగమణీ" అంది. అట్లా పోయినదాన్ని, ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

పుట్టినరోజులకు పుస్తకం కొనడానికి వచ్చేవాళ్ళంటే ఆపాకు గౌరవమూ ఉండేది, అనుమానమూ ఉండేది. పిల్ల వయసెంత అని అడిగి ఊరుకునేది కాదు. సిరిసిల్ల నుంచి వచ్చిన ఒక మేనమామ సంగతి నాకు బాగా గుర్తు. సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేయించే ఆసామి. వచ్చీరాగానే, "ఆపా, లావు పుస్తకం ఒకటి తియ్యి. మా అల్లుడు క్లాసు ఫస్టు" అన్నాడు.

"లావుది ఎందుకు, తలగడ కింద పెట్టుకోనీకా? పిలగాడు చదివిన పాత పుస్తకం పట్టుకరా, చూసి ఇస్త."

"పుస్తకం కొనెతందుకు పుస్తకం తేవాల్నా? గమ్మతుగుంది. చెప్పులు కొనేటప్పుడు పాత చెప్పులు అడుగుతరా ఎవరన్న?"

"తెలిసినోడైతే అడుగుతడు బాబూ. ఎక్కడ అరిగిందో చూస్తెనే కాలు ఎట్ల పడుతదో తెలుస్తది."

ఆయన గొణుక్కుంటూ పోయి తెచ్చాడు. ఆపా చేతులు కడుక్కుంది. పుస్తకం తెరవలేదు. మూసిన పుస్తకాన్ని వెలుతురుకు పట్టి కాగితాల అంచులు చూసింది. తెల్లగా ఉన్న అంచుల నడుమ ఒకచోట సన్నటి నల్లగీత. అక్కడ తెరిస్తే అంగడి పాఠం, బొమ్మలో మిఠాయిల బండి. బండి మీద లడ్డూలు వేలు రాసి రాసి మాసిపోయాయి. ఆపా నవ్వు ఆపుకుని, మిఠాయి దుకాణంలో ఒక్కరోజు పని చేసిన పిల్లవాడి కథ ఉన్న సన్నటి పుస్తకం తీసి ఇచ్చింది. "క్లాసు ఫస్టుకు గింత బక్కదా!" అని ఆయన మొహం ముడుచుకున్నాడు. మరుసటి ఏడాది మాత్రం చంకలో పాత వాచకం పెట్టుకునే దుకాణం మెట్లెక్కాడు.

నేను అడిగాను ఒకసారి, ఈ మాసిన పేజీ పిచ్చి ఎక్కడిది ఆపా అని. "చిన్న పోరలు నోరిప్పి ఏడుస్తరు. పెద్దోళ్ళు చెప్పుకుంటరు. ఈ నడుమ పిల్లలున్నరు చూడు, ఎనిమిది నుంచి పన్నెండు దాక, వీళ్ళు వేలుతోని చెప్తరు" అంది. చేతులు ఎందుకు కడుక్కుంటావంటే, "వాళ్ళ మరకల మన మరక కలవొద్దు" అంది. ఇంకొక కట్టడి కూడా ఉండేది. పేజీలో ఏం కనిపించిందో కొనేవాళ్ళకు చెప్పేది కాదు. పుస్తకం ఇచ్చి ఊరుకునేది. ఆ ఊరుకోవడం ఎంత కష్టమో నా ఇంటి దాకా వస్తే గానీ నాకు తెలియలేదు.

మా ఆయన రాజేశం కల్లు గీసేవాడు. అఖిలకు ఏడేళ్ళప్పుడు తాడిచెట్టు మీద నుంచి జారిపడ్డాడు. నడిమి ఎత్తు నుంచి పడ్డాడు కాబట్టి బతికాడు, ఎడమ చెయ్యి మాత్రం మోచేతి కింద విరిగింది. కట్టు విప్పిన తర్వాత కూడా ఆ చేతికి చెట్టు పట్టు దొరకలేదు. ఆ ఏడాదే మస్కట్ పోయాడు. నాలుగేళ్ళు రాలేదు. ఫోన్ వస్తే అఖిల సెల్లు నా చేతిలో పెట్టి దొడ్లోకి పోయేది. ఏమడిగినా తల ఊపేది. మొదట్లో సిగ్గనుకున్నాను, తర్వాత కోపం అనుకున్నాను. మా అత్త మాత్రం ఎవరు విన్నా వినకపోయినా అనేది, "తల్లి నేర్పినట్టే పిల్ల" అని.

నాలుగేళ్ళ తర్వాత నలభై రోజుల సెలవు మీద వచ్చాడు. పెట్టె తెరిచి పిల్లకు గులాబీ రంగు గౌను తీశాడు. అది దాని భుజాలు దాటి కిందికి దిగలేదు. గల్ఫ్‌కు పోయినవాళ్ళ లెక్కలో పిల్లలు పెరగరు, విడిచిపోయిన నాటి ఎత్తులోనే ఉంటారు. పుట్టినరోజుకని జగిత్యాలలో ముందుగానే పుస్తకం కూడా కొని తెచ్చాడు. మీట నొక్కితే ఆవు అంబా అంటుంది, కుక్క మొరుగుతుంది. పదకొండేళ్ళ పిల్ల దాన్ని రెండు చేతులతో తీసుకుని, తెరవకుండా అలమారలో పెట్టింది. విసిరికొడితే ఆయనకు అంత బాధ ఉండేది కాదేమో. "ఆయనకు అన్నం పెట్టవా అమ్మా", "ఆయన బయటికి పోయిండు" అని తండ్రి గురించి అనేది అఖిల. నాయినా అన్న మాట మా ఇంట్లో వినపడలేదు.

ఒకరోజు అన్నం ముందు కూర్చుని అన్నాడు. "నాలుగేండ్లు ఎండల ఎవరికోసం పనిచేసిన్నే? పరాయోన్ని చూసినట్టు చూస్తది. గట్లయితె పరాయోళ్ళ దగ్గర్నే చదువుకోని."

"ఏం మాటలయ్యా అవి?"

"మీ అన్నతోని మాట్లాడిన. సిరిసిల్లల హాస్టల్ సీటున్నదట. సోమవారం తీసుకపోయి వేసొస్త. గురువారం నా ఫ్లైటు."

అత్త బియ్యం చేటలో నుంచి తలెత్తకుండానే, "పెంచెటోళ్ళు మంచిగ పెంచితె గిదంత ఎందుకు?" అంది. అఖిల గడప అవతల నిలబడి విన్నది. ఏడవలేదు. పోయి తన బట్టలు మడత పెట్టుకోసాగింది. సోమవారం ఇంకా నాలుగు రోజులు. ఆదివారం పిల్ల పుట్టినరోజు.

అదే రోజు, గురువారం, దుకాణంలో ఎవరూ చూడకుండా బీరువా నుంచి ఒక పుస్తకం తీశాను. మంచి పిల్లలు ఎట్లా ఉండాలో చెప్పే నీతుల పుస్తకం. మొదటి పేజీలోనే తండ్రి కాళ్ళకు మొక్కే బొమ్మ. సంచిలో పెట్టుకుంటుంటే ఆపా వెనక నుంచి లాక్కుంది.

"ఎవరికి?"

"అఖిలకు. పుట్టినరోజు."

ఆపా రెండు పేజీలు తిప్పింది. "గంగమణీ, ఇది పుస్తకమా, బెత్తమా?"

"ఆపా, సోమవారం నా పిల్లను తీసుకపోతరు. ఇది చదివన్న ఒక్కపారి నాయినా అని పిలుస్తదేమోనని..."

"పుట్టినరోజు పిల్లదా, నీ భయానిదా? రేపు దాని పాత పుస్తకాలు పట్టుకరా. ఇన్నేండ్లు నా దగ్గర పని చేసి నీ ఇంట్లనే చూడలేదు నువ్వు."

మరునాడు తెలుగు వాచకాలన్నీ మోసుకుపోయాను. అంచులన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. ఆపా తల అడ్డంగా ఊపింది. "ఇవి కావు. ఎక్కడన్న దాచింది ఒకటుంటది." మధ్యాహ్నం ఇంటికి పోయి వెతికాను. దాని పరుపు మడతలో దొరికింది, నాలుగో తరగతి పరిసరాల పుస్తకం. పాత సామాన్ల వాడికి ఎప్పుడో అమ్మేశాననుకున్నాను. ఆపా చేతులు కడుక్కుని వెలుతురుకు పట్టింది. అంచులో ఒక్క గీత, బొగ్గంత నలుపు. తెరిస్తే మనిషి ఎముకల బొమ్మ. ఎడమ చేతి దగ్గర, మోచేతికి కింద, కాగితం రాసి రాసి పలచబడి చిన్న రంధ్రం పడింది.

"మీ ఇంట్ల ఎడమ చెయ్యి విరిగినోళ్ళు ఎవరు?" అంది ఆపా.

నేను కూర్చుండిపోయాను. నాలుగేళ్ళుగా నేనూ, మా అత్తా, మా ఆయనా దాని మౌనానికి కోపమని పేరు పెట్టాం. ఆపా ఆ రంధ్రం చుట్టూ చూపు తిప్పి, వేలు మాత్రం ఆనించకుండా, "కోపమైతె పేజీ చింపుతరు. గిట్ల నిమురరు" అంది.

నేను లేచాను. ఇంటికి పరుగెత్తి అడిగేద్దామనుకున్నాను. ఆపా నా మణికట్టు పట్టుకుంది. ఆ సన్నటి చేతికి అంత బలం ఎక్కడిదో. "అడగకు. నాలుగేండ్లు దాచింది, నువ్వు అడగంగనే చెప్తదా? అబద్ధం చెప్తది, ఆ అబద్ధం మీద తాళం పడుతది. సబర్ చెయ్యి, ఓపిక పట్టు."

"సోమవారం దాక సబరేంది ఆపా!"

"సోమవారం దాకనే."

శనివారం ఆపా దుకాణం మూసి, అఖిలకు తగిన పుస్తకం కోసం జగిత్యాల బస్సెక్కింది. శనివారం ఆమె దుకాణం మూయగా నేను చూడలేదు. మోకాళ్ళ నొప్పులతో మెట్టు ఎక్కడానికే గోడ పట్టుకునే మనిషి. నేను మూసిన తలుపు ముందు మెట్ల మీద కూర్చున్నాను. వచ్చిన ప్రతి బస్సుకూ సందు చివరికి పోయి చూశాను. మూడు బస్సుల్లో దిగలేదు. ఆ పుస్తకం దొరకలేదేమో, ఎక్కడన్నా పడిపోయిందేమో అనుకుంటుంటే పొద్దుగూకే వేళ ఒక షేరింగ్ ఆటో వెనక సీటులో కనిపించింది, సంచి ఒళ్ళో పెట్టుకుని. "నాలుగు దుకాణాలు తిరిగిన. ఐదోదాంట్ల దుమ్ము కింద దొరికింది" అంది. తెగిన వేలు, ఊడిన పన్ను, విరిగిన ఎముక, వీటిని మన ఒళ్ళు తనకు తానే ఎట్లా బాగు చేసుకుంటుందో చెప్పే బొమ్మల పుస్తకం.

"నువ్వు ఇయ్యకు. తండ్రి ఇయ్యాలె. ఇచ్చే ముందు తను చదవాలె. తెల్వని పుస్తకం చేతికిస్తె ఖాళీ డబ్బా ఇచ్చినట్టే."

రాజేశం ఏడో తరగతి దాకా చదివాడు. పుస్తకం చూపి, ముందు నువ్వు చదువు అంటే మండిపడ్డాడు. "నాకు పరీక్ష పెడుతున్నవా? ఆవు పుస్తకమే తెరవలేదు, దీన్ని తెరుస్తదా?" అని మంచం మీద పారేశాడు. నేను నాలుక కరుచుకుని వంటింట్లోకి పోయాను. ఎముకల పేజీ సంగతి గొంతు దాకా వచ్చింది. మింగాను. ఆదివారం పొద్దున వాకిట్లోకి వస్తే, వేప పుల్ల నోట్లో పెట్టుకుని, పుస్తకం మోకాలి మీద పరిచి చదువుతున్నాడు. ఒకచోట ఆగాడు. తెలియకుండానే కుడిచెయ్యి పోయి ఎడమ చేతిని పట్టుకుంది.

మధ్యాహ్నానికి అఖిల రేకుపెట్టె గడప పక్కకు చేరింది. దాని మీద రాజేశం పిల్ల పేరు కూడా రాయించాడు. అత్త వాకిట్లో కూర్చుని ఉంది. ఆయన పుస్తకం పట్టుకుని వచ్చి పిల్ల ముందు నిలబడ్డాడు.

"ఇగో. పుట్టినరోజుకు. నేను చదివిన. ముప్పై ఒకటో పేజీల నా చెయ్యి ఉన్నది."

పిల్ల మొహంలో ఏదో కదిలింది. పుస్తకం తీసుకుంది. అలమార వైపు ఒక అడుగు వేసింది. అక్కడే నిలబడి, ముప్పై ఒకటో పేజీ తీసింది. చాలాసేపు చూసింది. తల ఎత్తకుండానే అడిగింది, "అతుక్కున్న కాడ ఎముక లావైతదా?"

"అయితది. ముట్టి చూడు." చొక్కా చెయ్యి పైకి లాగాడు. మోచేతి కింద గట్టిగా ఒక బుడిపె. అఖిల ఒక్క వేలు ఆనించింది, ఆ పేజీలో రంధ్రం చేసిన వేలే. వేలు తియ్యకుండా అంది, "నేను పిలువకపోతె నువ్వు పడకపోదువు."

"ఏమన్నవ్?"

"ఆనాడు సద్ది తెచ్చిన గదా. కిందికెళ్ళి నాయినా అని ఒర్రిన. నువ్వు కిందికి చూసినవ్. పడ్డవ్. చెయ్యి విరిగింది. గందుకే గంత దూరం పోయినవ్. మళ్ళ పిలిస్తె..." అక్కడ ఆగిపోయింది.

రాజేశం నేల మీద కూలబడ్డాడు. తర్వాత ఆయన అన్నాడు, "నీ పిలుపుకు పడలే బిడ్డా. చెట్టెక్కె మోకు లేదా, గది మూడు దినాల ముందే పీసులు లేచింది. మార్చుకోరా అని మా అవ్వ మొత్తుకున్నది. రేపు, రేపు అన్న. నా తప్పు గది. నీ పిలుపు ఇన్న గనుకనే చేతులు చెట్టును అలుముకున్నయ్, లేకుంటె కొన మీదికెళ్ళి పడుదును."

అత్త లేచి వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అవు బిడ్డా, నేనే చెప్పిన. మూడు దినాలు చెప్పిన. ఇనలే వీడు" అంది. నా వైపు చూసి, పోయి పొయ్యి మీద చాయ్ పెట్టింది. మా పెండ్లైన తర్వాత ఆమె నాకు చాయ్ పెట్టి ఇవ్వడం అదే మొదలు.

పిలుపు విని చెట్టును అలుముకున్నానన్న మాట నిజమో, పిల్ల కోసం అప్పటికప్పుడు కట్టిందో నేను ఈనాటికీ అడగలేదు.

అయినా ఆ రోజు అఖిల నాయినా అనలేదు. చీకటి పడింది, తిన్నాం, పడుకున్నాం. రేకుపెట్టె గడప పక్కనే ఉంది. సోమవారం తెల్లారి లేచేసరికి రాజేశం స్టూలు మీద నిలబడి ఆ పెట్టెను అటక మీదికి నెడుతున్నాడు. ఎడమ చేతికి పట్టు సరిగా కుదరక, స్టూలు ఒక కాలు మీద ఊగింది. అఖిల తలుపు దగ్గర నిలబడి ఉంది. దాని చూపంతా ఆయన మడమల మీద. పెదవులు కదిలాయి, గట్టిగా బిగుసుకున్నాయి. ఆయన పెట్టె లోపలికి తోసి ఒక కాలు దించాడు. ఇంకో కాలు దించాడు. రెండు పాదాలూ నేలకు ఆనినాక, అప్పుడు పిలిచింది.

"నాయినా."

నేను ఆ పొద్దున్నే ఆపా దగ్గరికి పరుగెత్తాను. చెప్పబోతుంటే అరచెయ్యి ఎత్తి ఆపింది. "నీ మొహం చూస్తనే తెలుస్తున్నది. ఆ ముచ్చట నీది కాదు, పిల్లది. కూసో, నోటుబుక్కు కాగితాలు మడువు." ఏం జరిగిందో ఆపాకు ఎన్నడూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. ఇప్పుడు మీకు చెప్తున్నానంటే అఖిలను అడిగే చెప్తున్నాను. అది జగిత్యాలలో డిగ్రీ చదువుతోంది. వాళ్ళ నాయిన మళ్ళీ మస్కట్ పోయాడు, కానీ శుక్రవారం ఫోన్ వస్తే సెల్లు నా చేతికి అందదు. ఆవు పుస్తకం ఇంట్లోనే ఉంది. ఫోన్ దగ్గర పెట్టి మీట నొక్కితే ఇంకా అంబా అంటుంది, తండ్రీ బిడ్డా ఇద్దరూ నవ్వుతారు.

రజియా ఆపా పోయి రెండేళ్ళవుతోంది. దుకాణం వాళ్ళ కొడుకుది, నడిపేది నేను. పొద్దున వచ్చినామె మనుమడికి పుస్తకం కావాలంది. వాచకాన్ని వెలుతురుకు పట్టాను. నల్లగీత కనిపించింది, అక్కడ తెరిచాను. ఏముందో మీకు చెప్పను. ఆమె బల్ల మీదికి వంగి, "ఏం కనపడ్డదక్కా? ఏదన్న ఉన్నదా?" అని అడిగింది. ఆమె గొంతులో ఉన్నది నేను ఎరిగిన భయమే.

"రెండు దినాలాగి రా చెల్లె. జగిత్యాల నుంచి తెప్పించాలె" అన్నాను. "అప్పటిదాక పిలగాన్ని ఏం అడగకు."

ఆమె పోయినాక వాచకం మూసి పైన బరువు పెట్టి, చేతులు కడిగిన బకెట్ మోరీలో పారబోశాను. ఆపా చెప్పిన ప్రతిదీ నాకు చేతకాదు. చేతులు కడుక్కోవడం మాత్రం ఒక్కరోజూ మరువలేదు. ఆ గురువారం నీతుల పుస్తకాన్ని సంచిలో దాచుకున్న చేతులు ఇవే.